అందరూ అడ్మిన్లే అయితే...

పదో తరగతి దాకా నాకు తెలుగు సెకండ్ లాంగ్వేజ్. ఇంటర్లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న బ్యాచ్ మనది. కాబట్టి ఈ వ్యాసంలో ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడైనా జారిపోతే సర్దుకుని చదవండి. "కోడింగ్ గురించి తెలుగులో రాసి చూడు, నీకు నిజంగా అర్థమైందో లేదో తెలిసిపోతుంది" అని మన క్లబ్ ఎడిటర్ అన్న అన్నాడు. సరే, చూద్దాం అని మొదలుపెట్టాను.

విషయం ఇది. ఇప్పటికే నడుస్తున్న ఒక వెబ్‌సైట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌లోకి యూజర్ పర్మిషన్స్ ఎలా తీసుకురావాలి? కొత్తగా కట్టే ఇంటికి తలుపులు పెట్టడం తేలికే. జనం కాపురం ఉంటున్న ఇంటికి, వాళ్ల పని ఆగకుండా తలుపులు పెట్టడం కష్టం. మొన్న ఎండాకాలం సెలవుల్లో నేను చేసిన పని అదే. ఎందుకు చెయ్యాల్సి వచ్చిందో చెప్పాలంటే ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

ఆ సోమవారం

నానక్‌రామ్‌గూడలో ఒక చిన్న కంపెనీలో రెండు నెలల ఇంటర్న్‌షిప్. చుట్టూ పెద్ద పెద్ద అద్దాల టవర్లు. అందులో ఒక టవర్లో అర ఫ్లోరు మాది. మొత్తం పన్నెండు మంది. స్కూళ్లకి, కోచింగ్ సెంటర్లకి, ఫంక్షన్ హాళ్లకి వెబ్‌సైట్లు చేసి, వాటిని చూసుకోవడం మా పని. ఆ సైట్లన్నిటినీ నడిపే సాఫ్ట్‌వేర్ వాళ్లే ఎప్పుడో పీహెచ్‌పీలో రాసుకున్నది. అందులో లాగిన్ పేజీ ఉంది, యూజర్స్ టేబుల్ ఉంది. కానీ ఆఫీసంతా వాడేది ఒక్కటే లాగిన్. దాని పేరు అడ్మిన్. పాస్‌వర్డ్ వైట్‌బోర్డ్ మూలన రాసి ఉండేది.

అక్కడ కంటెంట్ ఎక్కించే అక్క ఒకరు ఉన్నారు. శంకర్‌పల్లి వైపు నుంచి రోజూ బస్సులో వస్తారు. రిజల్ట్స్, ఫోటోలు, నోటీసులు అన్నీ ఆమే టైప్ చేసి పెడతారు.

ఒక ఆదివారం రాత్రి పీజీ రూమ్‌లో కూర్చుని టెస్ట్ సైట్‌లో ఒకేసారి చాలా పేజీలు డిలీట్ చేసే ఆప్షన్ ట్రై చేస్తున్నా. బ్రౌజర్లో రెండు ట్యాబ్‌లు ఉన్నాయి. ఒకటి టెస్ట్ సైట్, ఇంకోటి అసలు సైట్. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి. మీకు అర్థమైపోయింది కదా.

సోమవారం పొద్దున్నే ఒక కోచింగ్ సెంటర్ నుంచి ఫోన్. వాళ్ల రిజల్ట్స్ పేజీ లేదు. పిల్లల ఫోటోలు, ర్యాంకులు అన్నీ మాయం. లాగ్ తీసి చూస్తే "డిలీట్ చేసినది: అడ్మిన్" అని ఉంది. అడ్మిన్ అంటే ఎవరు? పన్నెండు మందీ. కానీ అందరూ అక్క వైపు చూశారు. ఎందుకంటే పేజీలు ముట్టుకునేది ఆమే కదా అని.

"నేను ముట్టుకోలే సార్. శనివారం పెట్టిన, గంతే" అన్నారు అక్క.

"ఎవరో ఒకరు చేసే ఉంటారు కదమ్మా" అన్నారు మేనేజర్. గట్టిగా కూడా అనలేదు. కానీ ఆ మాటకి ఆమె దగ్గర జవాబు లేదు. తను చెయ్యలేదని చూపించడానికి ఆ సాఫ్ట్‌వేర్‌లో దారే లేదు.

బ్రౌజర్ హిస్టరీ చూసుకున్నాక అది నేనే అని నాకు తెలిసింది. తెలిసి కూడా లంచ్ వరకు నోరు విప్పలేదు. సర్టిఫికెట్ ఇవ్వరేమో అని భయం. లంచ్ టైమ్‌లో అక్క డబ్బా తెరవకుండా శనివారం నాటి ఎక్సెల్ ఫైల్ పెట్టుకుని ఒక్కో పేరు మళ్లీ టైప్ చేస్తుంటే ఇక కూర్చోలేకపోయాను. ముందు ఆమెకి చెప్పాను, తర్వాత మా టీమ్ లీడ్‌కి.

"ముందుగాల చెప్తే అయిపోవు గద తమ్మీ" అన్నారు అక్క. ఇంకేం అనలేదు. తిట్టినా బాగుండేది.

టీమ్ లీడ్ అన్న మర్నాడు పిలిచి, "వచ్చి మూడు వారాలు కాని ఇంటర్న్ చేతికి అసలు సైట్ డిలీట్ బటన్ ఇచ్చింది మేమే. మిగిలిన టైమ్‌లో దీనికి పర్మిషన్స్ పెట్టు. అదే నీ ప్రాజెక్ట్" అన్నాడు.

రెండు వేరు వేరు ప్రశ్నలు

మా టవర్ కింద లాబీలో సెక్యూరిటీ వాళ్లు రెండు పనులు చేస్తారు. ఒకటి, మీరెవరో తెలుసుకోవడం. రెండోది, మీ కార్డు ఏ ఫ్లోర్ తలుపు తెరవాలో నిర్ణయించడం. సాఫ్ట్‌వేర్‌లో మొదటిదాన్ని అథెంటికేషన్ అంటారు, రెండోదాన్ని ఆథరైజేషన్ అంటారు. తెలుగులో చెప్పాలంటే "నువ్వెవరు?", "నువ్వేం చెయ్యొచ్చు?". వినడానికి కవల పిల్లల్లా ఉంటాయి గానీ రెండూ వేరు.

మా పాత సాఫ్ట్‌వేర్ మొదటి ప్రశ్న ఒక్కటే అడిగేది. దానికి కూడా అందరం "అడ్మిన్" అనే చెప్పేవాళ్లం. కాబట్టి అన్నిటికంటే ముందు చెయ్యాల్సింది మనిషికో లాగిన్ ఇవ్వడం. అది లేకుండా ఎన్ని రూల్స్ పెట్టినా దండగే.

హోదా వేరు, పని వేరు

నా మొదటి డిజైన్ చాలా సింపుల్. ప్రతి యూజర్‌కి ఒక నంబర్. ఎండీకి 10, లీడ్‌కి 8, అక్కకి 3, నాకు 1. డిలీట్ చెయ్యాలంటే 7 దాటాలి. ఒక్క కాలమ్‌తో అయిపోయింది! లీడ్ అన్న నవ్వి, "ఇది వర్డ్‌ప్రెస్ వాళ్లు ఎప్పుడో చేసి, ఎప్పుడో వదిలేశారు. పోయి చదువు" అన్నాడు.

నిజమే. వర్డ్‌ప్రెస్ 2003లో బీ2 అనే పాత సాఫ్ట్‌వేర్ నుంచి పుట్టింది. దానితోపాటే యూజర్ లెవెల్స్ కూడా వచ్చాయి, 0 నుంచి 10 వరకు. 2005 డిసెంబర్‌లో వచ్చిన 2.0 వెర్షన్‌లో వాటి స్థానంలో రోల్స్, కేపబిలిటీస్ పెట్టారు. కేపబిలిటీ అంటే ఒక్క పని: పేజీ రాయడం, పబ్లిష్ చెయ్యడం, ఇతరులు రాసింది దిద్దడం. రోల్ అంటే అలాంటి పనుల మూట. అడ్మినిస్ట్రేటర్, ఎడిటర్, ఆథర్, కంట్రిబ్యూటర్, సబ్‌స్క్రైబర్ అని ఐదు మూటలు.

నంబర్లతో ఇబ్బంది ఏంటంటే, పెద్ద నంబర్ ఉన్నవాడు చిన్న నంబర్ ఉన్నవాడి పనులన్నీ చెయ్యగలగాలి. నిజ జీవితం అలా ఉండదు. మా టవర్లోనే చూడండి. హౌస్‌కీపింగ్ వాళ్ల కార్డుకి మా ఫ్లోర్లో ప్రతి గదీ తెరుచుకుంటుంది. మా ఎండీ కార్డుకి కరెంట్ ప్యానెల్ గది తెరుచుకోదు. అంతమాత్రాన ఎండీని అవమానించినట్టా? కాదు. ఆయనకి అక్కడ పని లేదు, అంతే.

జూమ్లాది ఇంకో కథ. 1.5 వెర్షన్ దాకా అందులో రిజిస్టర్డ్, ఆథర్, ఎడిటర్, పబ్లిషర్, మేనేజర్, అడ్మినిస్ట్రేటర్, సూపర్ అడ్మినిస్ట్రేటర్ అని ఏడు గ్రూపులు కోడ్‌లోనే బిగించి ఉండేవి. కొత్త గ్రూపు కావాలంటే కుదరదు. 2011 జనవరిలో వచ్చిన 1.6లో ఎవరి గ్రూపులు వాళ్లు తయారు చేసుకునే పద్ధతి వచ్చింది. పై గ్రూపు అనుమతులు కింది గ్రూపుకి వారసత్వంగా వస్తాయి. పైన ఒకసారి "నిషిద్ధం" అన్నాక కింద "అనుమతి" అని పెట్టినా చెల్లదు.

ఈ రోల్స్ ఆలోచనని 1992లో అమెరికాలోని నిస్ట్ సంస్థకి చెందిన డేవిడ్ ఫెరాయొలో, రిచర్డ్ కూన్ ఒక పేపర్‌గా రాశారు. మన సిలబస్‌లో రోల్ బేస్డ్ యాక్సెస్ కంట్రోల్ అని రెండు మార్కుల ప్రశ్నగా వచ్చేది ఇదే.

మొదటి మెట్టు: పనుల లిస్ట్

కోడ్ ముట్టుకోకముందు ఒక రోజంతా అక్క పక్కన కూర్చున్నాను. ఆమె ఏం చేస్తారో ఒక్కో పనీ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. తర్వాత మిగతావాళ్లవి. పేజీ రాయడం, తను రాసింది దిద్దడం, వేరేవాళ్లది దిద్దడం, పబ్లిష్ చెయ్యడం, దాచడం, తీసెయ్యడం, ఫోటో ఎక్కించడం, యూజర్‌ని చేర్చడం, సెట్టింగ్స్ మార్చడం, అడ్మిషన్ ఎంక్వైరీలు డౌన్‌లోడ్ చెయ్యడం... ఇలా ఇరవై మూడు తేలాయి.

ఇందులో గమనించాల్సింది "తను రాసింది", "వేరేవాళ్లది" అనే తేడా. దిద్దడం అనే క్రియ ఒక్కటే, కానీ దేన్ని దిద్దుతున్నారన్నది ముఖ్యం. వర్డ్‌ప్రెస్‌లో కూడా పోస్టులు దిద్దడం, ఇతరుల పోస్టులు దిద్దడం రెండు వేరు వేరు కేపబిలిటీలు. ఫలానా పోస్ట్‌ని దిద్దొచ్చా అని అడిగితే, అది ఎవరిది, పబ్లిష్ అయిందా లేదా చూసి అప్పుడు జవాబిస్తుంది.

రెండో మెట్టు: ఐదు టేబుల్స్

డీబీఎమ్ఎస్ క్లాస్‌లో నేర్చుకున్న మెనీ టు మెనీ రిలేషన్ మొదటిసారి నిజంగా పనికొచ్చింది. యూజర్లకి ఒక టేబుల్, రోల్స్‌కి ఒకటి, పర్మిషన్లకి ఒకటి. ఏ యూజర్‌కి ఏ రోల్ ఉందో చెప్పేది నాలుగోది. ఏ రోల్‌లో ఏ పర్మిషన్ ఉందో చెప్పేది ఐదోది.

కోడ్‌లో మాత్రం ఒక నియమం. "ఈయన ఎడిటరేనా?" అని ఎక్కడా అడగొద్దు. "ఈయన ఈ పేజీని పబ్లిష్ చెయ్యొచ్చా?" అనే అడగాలి. రోల్ పేరు అడిగితే రేపు "సీనియర్ ఎడిటర్" అనే కొత్త రోల్ రాగానే కోడ్ అంతా వెతికి మార్చుకోవాలి. పని పేరు అడిగితే టేబుల్‌లో ఒక వరస చేర్చితే చాలు.

మూడో మెట్టు: బటన్ దాస్తే తాళం వేసినట్టు కాదు

వారం తిరిగేసరికి డెమో చూపించాను. నా లాగిన్‌తో వెళ్తే డిలీట్ బటన్ కనపడదు. భలే అనుకున్నా. లీడ్ అన్న నా లాగిన్‌లోనే ఉండి, అడ్రస్ బార్‌లో డిలీట్ పేజీ అడ్రస్, చివర్లో పేజీ నంబర్ టైప్ చేసి ఎంటర్ కొట్టాడు. పేజీ పోయింది. ఈసారి టెస్ట్ సైటే లెండి.

బటన్ ఉండేది యూజర్ బ్రౌజర్లో. అక్కడ ఏం దాచినా అది మర్యాద మాత్రమే. తాళం సర్వర్లో ఉండాలి. ప్రతి రిక్వెస్ట్ దగ్గర, ప్రతిసారీ అడగాలి. 1975లోనే సాల్ట్‌జర్, ష్రోడర్ అనే ఇద్దరు తమ పేపర్లో ఈ సూత్రాలు రాశారు: ప్రతిసారీ తనిఖీ చెయ్యి, పనికి సరిపడా అధికారమే ఇవ్వు, ఏమీ చెప్పకపోతే "వద్దు" అనే అర్థం చేసుకో.

మూడో సూత్రాన్ని మర్చిపోతే ఏమవుతుందో వర్డ్‌ప్రెస్‌కే అనుభవం. 2016 డిసెంబర్‌లో వచ్చిన 4.7 వెర్షన్‌లో, బయటి ప్రోగ్రాములు పోస్టులని దిద్దడానికి ఒక దారి ఉంది. ఆ దారి దగ్గర తనిఖీ ఇలా ఉండేది: "ఆ నంబర్‌తో పోస్ట్ దొరికి, దాన్ని దిద్దే అనుమతి ఇతనికి లేకపోతే, ఆపు." మామూలుగా చూస్తే బాగానే ఉంది. కానీ నంబర్ బదులు "123ఏబీసీ" అని పంపితే? అలాంటి పోస్ట్ దొరకదు. దొరకలేదు కాబట్టి ఆపలేదు. లోపలికి వెళ్లాక తర్వాతి కోడ్ "123ఏబీసీ"ని అంకెగా మార్చింది. అది 123 అయింది. 123వ పోస్ట్ మారిపోయింది. లాగిన్ కూడా లేని మనిషి ఎవరి సైట్‌లోనైనా పోస్టులు మార్చగలిగేవాడు. 2017 జనవరి చివర్లో 4.7.2తో సరిచేశారు. కానీ అప్‌డేట్ చేసుకోని సైట్లు ఎన్నో పాడయ్యాయి.

కాపలాదారు "నీ మీద ఫిర్యాదు లేదు కదా, పో" అనకూడదు. "నీ పేరు లిస్ట్‌లో ఉందా? లేకపోతే ఆగు" అనాలి. వెబ్ సెక్యూరిటీ లోపాల మీద ఓవాస్ప్ సంస్థ వేసే టాప్ 10 జాబితాలో 2021లో మొదటి స్థానం ఈ యాక్సెస్ కంట్రోల్ తప్పులదే. అంతకుముందు జాబితాలో ఇది ఐదోది.

నాలుగో మెట్టు: రాత్రికి రాత్రి మార్చొద్దు

అన్నిటికంటే నేను ఎక్కువ నేర్చుకున్నది ఇక్కడే. నిన్నటిదాకా అన్నీ చేసినవాళ్లకి పొద్దున్నే "మీకు అనుమతి లేదు" అని కనిపిస్తే పని ఆగిపోతుంది. మధ్యాహ్నానికల్లా మళ్లీ అందరినీ అడ్మిన్ చేసేస్తారు. మన ప్రాజెక్ట్ అక్కడితో ఖతం.

వర్డ్‌ప్రెస్ వాళ్లు ఈ మార్పుని ఎలా చేశారో చూడండి. పాత లెవెల్ 8, 9, 10 ఉన్నవాళ్లని అడ్మినిస్ట్రేటర్లు చేశారు. 5 నుంచి 7 ఎడిటర్లు, 2 నుంచి 4 ఆథర్లు, 1 కంట్రిబ్యూటర్, 0 సబ్‌స్క్రైబర్. పాత ప్లగిన్లు లెవెల్స్‌నే అడుగుతాయి కాబట్టి లెవెల్స్‌ని వెంటనే పీకెయ్యలేదు, కొన్నేళ్లు లోపల ఉంచారు.

మేము ఇంకో జాగ్రత్త తీసుకున్నాం. మొదటి రెండు వారాలు తనిఖీ జరుగుతుంది కానీ ఎవరినీ ఆపదు. "కొత్త రూల్ ఉండి ఉంటే ఇక్కడ ఆపేది" అని లాగ్‌లో మాత్రం రాసుకుంటుంది. ఆ లాగ్ చదివితే రెండు విషయాలు బయటపడ్డాయి.

ఒకటి, ప్రతి రాత్రీ బ్యాకప్ తీసే ప్రోగ్రామ్ కూడా అడ్మిన్ పేరుతోనే లాగిన్ అవుతోంది. ఆ పాస్‌వర్డ్ మార్చేసి ఉంటే బ్యాకప్‌లు చప్పుడు లేకుండా ఆగిపోయేవి. దానికి సొంత లాగిన్, బ్యాకప్ తీసే ఒక్క పర్మిషన్ ఇచ్చాం.

రెండోది, ప్రతి శనివారం సాయంత్రం అక్క అన్ని సైట్ల హోమ్ పేజీల్లో డేట్ అయిపోయిన అడ్మిషన్ బ్యానర్లు తీసేస్తున్నారు. ఆ పని ఆమెకి ఎవరూ చెప్పలేదు. నేను పక్కన కూర్చున్నది బుధవారం కాబట్టి నా లిస్ట్‌లోకీ రాలేదు. అడిగితే, "పాతవి ఉంటే మంచిగ కనవడది గద" అన్నారు. నేను రాసిన రూల్స్ ప్రకారం అది ఆమె చెయ్యకూడని పని!

పర్మిషన్స్ అంటే నా దృష్టిలో మనుషుల చేతిలోంచి ఏవో లాక్కోవడం. ఆ లాగ్ చూశాక అర్థమైంది, ఎవరు నిజంగా ఏం పని చేస్తున్నారో ఆఫీసు మొదటిసారి తెలుసుకుంటోందని.

చివరి జాగ్రత్త ఒకటి: ఆఖరి అడ్మిన్‌ని ఎవరూ తీసెయ్యలేకుండా, తనని తనే తీసేసుకోలేకుండా చూడాలి. తాళం చెవి లోపల పెట్టి తలుపు వేసుకున్న కథలు చాలా విన్నాం కదా.

తెలుగు వికీపీడియా చెప్పిన పాఠం

డిలీట్ ఎవరికి ఇవ్వాలి అన్నదాని మీద చాలా వాదన జరిగింది. అక్కకి వద్దే వద్దు అని నేను. అప్పుడు లీడ్ అన్న తెలుగు వికీపీడియా చూడమన్నాడు. 2003 డిసెంబర్‌లో మొదలైన ఆ సైట్‌లో లాగిన్ లేని మనిషి కూడా మామూలు వ్యాసాన్ని దిద్దొచ్చు. పిచ్చితనంలా ఉంది కదా? కానీ ప్రతి మార్పూ చరిత్రలో ఉంటుంది. ఎవరు పాడు చేసినా ఇంకొకరు వెనక్కి తిప్పొచ్చు. పేజీని తొలగించే హక్కు మాత్రం నిర్వాహకులకే. తొలగిస్తే ఆ చరిత్ర కూడా మామూలు పాఠకులకి కనపడకుండా పోతుంది కాబట్టి. ఒకరిని నిర్వాహకుడిగా చేసే హక్కు అధికారులు అనే ఇంకో గుంపుది.

అంటే, వెనక్కి తీసుకోగల పనిని ధైర్యంగా పంచొచ్చు. వెనక్కి తీసుకోలేని పనినే గట్టిగా పట్టుకోవాలి. వర్డ్‌ప్రెస్‌లో 2009 నుంచి చెత్తబుట్ట ఉంది, డిలీట్ చేసిన పోస్ట్ మామూలుగా 30 రోజులు అందులో ఉంటుంది. మేమూ అలాంటిదే పెట్టాం. బుట్టలో వేసే పర్మిషన్ అక్కకి ఇచ్చాం. బుట్ట ఖాళీ చేసే పర్మిషన్ ఇద్దరు లీడ్‌లకే. నాకు రెండూ లేవు. అడగలేదు కూడా.

చివరగా

రూల్స్ నిజంగా అమల్లోకి వచ్చిన రోజు వైట్‌బోర్డ్ మీద పాస్‌వర్డ్ చెరిపేశాం. అక్క తన పేరుతో లాగిన్ అయ్యి ఒక నోటీసు పెట్టారు. కింద "చివరి మార్పు" అని ఆమె పేరు వచ్చింది. దాన్ని కాసేపు చూసి, "ఇగ నేను చేసిందే నాది గద" అన్నారు.

ఈ మొత్తం పనిలో నేను నేర్చుకున్నది ఆ ఒక్క మాటే. పర్మిషన్స్ పెట్టడం అంటే మనుషుల్ని నమ్మకపోవడం అనుకుంటాం. కానీ అందరూ అడ్మిన్లే అయిన చోట తప్పు ఎవరిదో తేలదు. తేలనప్పుడు అది ఎదురు మాట్లాడలేని వాళ్ల మీద పడుతుంది. ఆ రోజు లంచ్ దాకా పడ్డట్టు.

ఇక మన సంగతి. మన క్లబ్ సైట్‌కి కూడా మొన్నటిదాకా ఒకటే లాగిన్, పాస్‌వర్డ్ వాట్సాప్ గ్రూప్ డిస్క్రిప్షన్‌లో ఉండేది. పాసవుట్ అయిన సీనియర్లు కూడా ఆ గ్రూప్‌లోనే ఉన్నారు. ఈ సంచిక నుంచి మార్చాం. రాసేవాళ్లందరూ కంట్రిబ్యూటర్లు: రాసి పంపొచ్చు, పబ్లిష్ అయ్యాక ముట్టుకోలేరు. ఎడిటర్లు ఇద్దరు, అడ్మిన్లు ఇద్దరు. జూనియర్స్, ఎవరికైనా లాగిన్ రాకపోతే నాకు చెప్పండి. మీ పేరుతోనే ఇప్పిస్తా.

నేనూ కంట్రిబ్యూటర్‌నే. కాబట్టి మీరు ఈ వ్యాసం చదువుతున్నారంటే, పబ్లిష్ నొక్కింది నేను కాదు, ఎడిటర్ అన్న. ఒత్తులు, దీర్ఘాల తప్పులు మాత్రం నావే. లాగ్‌లో నా పేరే ఉంటుంది, చూసుకోవచ్చు.